వ్యాధిక్షమత్వంలోని క్షమ

పెద్దపల్లిలో నేను వైద్యవృత్తి ఆరంభించి ముప్పై ఏళ్లు దాటింది. గోదావరిఖని, రామగుండం, మంథని వైపు పల్లెల నుండి రోగులు వస్తూ ఉంటారు. వచ్చిన బాధ ఏదైనా, లేచి వెళ్లేటప్పుడు చాలామంది ఒక మాట అడుగుతారు: "సారూ, రోగనిరోధక శక్తి పెరిగే మందు ఏమన్నా ఉంటే ఇయ్యుండ్రి." 2020లో కరోనా వచ్చినప్పటి నుండి ఈ కోరిక మరీ ఎక్కువైంది. టీ పొడి మొదలు పిల్లల బిస్కెట్ల దాకా ఎన్నో పొట్లాల మీద ఇదే మాట అచ్చువేసి అమ్ముతున్నారు.

ఈ కోరికలోనే ఒక పొరపాటు దాగి ఉన్నదని నా అభిప్రాయం. నిరోధక శక్తి గాదెలో ధాన్యం వంటిది కాదు, ఎంత పోస్తే అంత మేలు అనుకోవడానికి. శరీరాన్ని కాపాడే కణాలకు బలం కావాలి, నిజమే. ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో, ఎవరి మీద చేయి ఎత్తకూడదో తెలిసి ఉండడం అంతకంటె ముఖ్యం. ఈ సంగతి నాకు ఒక తప్పు చేసిన తరువాతనే బోధపడింది. కాబట్టి ముందుగా ఆ తప్పును పాఠకుల ముందు ఉంచుతాను.

నేను చేసిన పొరపాటు

సుమారు పదిహేనేళ్ల క్రితం గోదావరిఖని నుండి ఒక ఇల్లాలు వచ్చింది. భర్తకు బొగ్గు బాయిలో పని. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడవలేకపోతున్నది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఉబ్బి వేడిగా ఉన్నాయి. అప్పటికే ఒక వైద్యుడు రక్తపరీక్షలు చేయించి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని నిర్ధారించి, వారానికి ఒకసారి వేసుకొనే మాత్రలు రాసి ఇచ్చాడు. మూడు నెలలు వాడిన మీదట ఎవరో "అది క్యాన్సర్ గోలీ" అన్నారట. భయపడి మానివేసింది.

"గా గోలీలు వద్దు సారూ, నాకు బలానికి ఏమన్నా ఇయ్యుండ్రి" అన్నది.

ముఖం పాలిపోయి, మనిషి చిక్కి ఉన్నది. బలం తగ్గినందువల్లనే రోగం పట్టుకున్నదని నేను తలచాను. బలవర్ధకమైన లేహ్యమూ, రసాయన ద్రవ్యాలూ ఇచ్చాను. మానేసిన మాత్రలను మళ్లీ మొదలుపెట్టమని చెప్పవలసిన చోట ఏమీ అనక ఊరుకున్నాను. వైద్యుని మౌనాన్ని రోగి సమ్మతిగానే తీసుకుంటాడన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఎనిమిది నెలల తరువాత ఆమె మళ్లీ వచ్చేసరికి వేళ్లు చిటికెన వేలి వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి. ఆ ఏడు సంక్రాంతికి సకినాలు చుట్టలేకపోయిందట. "మీరు బలం పెంచుకోమంటే పెంచుకున్న గద సారూ" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే అది నన్ను ఇంతకాలం వదలలేదు. ఆమెను తిరిగి ఆ వైద్యుని వద్దకే పంపాను. మాత్రలు మళ్లీ మొదలైన కొన్ని నెలలకు వాపు, నొప్పి తగ్గాయి. ఒరిగిన వేళ్లు మాత్రం చక్కబడలేదు.

కణాల రాకపోకలు

ఆమె కీళ్లలో ఏమి జరిగిందో తెలియాలంటే, మన శరీరంలోని రక్షక కణాల రాకపోకలు తెలియాలి. రక్తంలోని తెల్లకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. వాటిలో క్రిములను మింగే ఒక్క జాతి కణాలే పెద్దవారిలో రోజుకు సుమారు పదివేల కోట్లు తయారవుతాయి. ఇవి రక్తంలో తిరుగుతూ ఉంటాయి.

కాలిలో ముల్లు విరిగిందనుకోండి. గాయపడిన చోటి కణాలు కొన్ని రసాయనాలను వదులుతాయి. ఆ సూచన అందగానే దగ్గరి రక్తనాళాల లోపలి గోడ, పోతున్న తెల్లకణాలను పట్టి నిలిపే గుణం పొందుతుంది. ప్రవాహంలో కొట్టుకుపోతున్న తెల్లకణం ఆ గోడకు తగిలి దొర్లుతుంది. వేగం తగ్గి, అతుక్కొని, గోడలోని సన్నని సందు గుండా సాగి బయటికి జారుతుంది. తరువాత చీమ బెల్లం జాడ పట్టినట్లు, ఆ రసాయనం చిక్కగా ఉన్న దిక్కుకు పాకుతుంది. మనం చూసే ఎరుపు, వాపు, వేడి, నొప్పి ఈ కదలిక ఫలితాలే. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరాన ఇల్యా మెచ్నికోఫ్ అనే శాస్త్రజ్ఞుడు, పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి, మరునాటికి ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉండడం చూశాడు. ఈ కృషికి 1908లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

లింఫు కణాలనే మరొక జాతి తీరు వేరు. ఇవి రక్తం నుండి లింఫు గ్రంథులలోకి వెళ్లి, కొన్ని గంటలు మొదలు ఒక రోజు దాకా అక్కడ ఉండి, ఏ అపాయమూ కనబడకపోతే బయటికి వచ్చి మళ్లీ రక్తంలో కలుస్తాయి. ఈ నిరంతర సంచారాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ 1950ల చివరను, 1960ల ఆరంభంలోను నిరూపించాడు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ బిళ్ల లింఫు గ్రంథియే. పుండు నుండి వచ్చిన వార్తాహర కణాలు తెచ్చిన గుర్తులను అక్కడి లింఫు కణాలు పరిశీలించి, సరిపోయినవి వేల సంఖ్యలో వృద్ధి చెందడం వల్లనే అది ఉబ్బుతుంది.

తనవారిని గుర్తించే చదువు

బొగ్గు బాయిలో చేరిన కొత్త కార్మికుని నేరుగా గనిలోకి దింపరు. ముందు శిక్షణ కేంద్రంలో తర్ఫీదు ఉంటుంది. టి కణాలనే లింఫు కణాలకు కూడా అటువంటి శిక్షణాలయం ఒకటి ఉన్నది. అది రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి. బాల్యంలో పెద్దదిగా ఉండి, యౌవనం తరువాత క్రమంగా కుంచించుకుపోతుంది. చాలాకాలం దీనిని నిరుపయోగమైన అవయవంగా భావించారు. 1961లో జాక్ మిల్లర్ దీని ప్రాముఖ్యాన్ని వెల్లడించాడు.

ఈ శిక్షణ బహు కఠినమైనది. స్వశరీరపు మాంసకృత్తులను అక్కడ కణాలకు చూపుతారు. వాటి మీద తీవ్రంగా విరుచుకుపడే కణం అక్కడనే నశిస్తుంది. అసలు దేనినీ గుర్తించలేని కణమూ నశిస్తుంది. లోపల ప్రవేశించిన వాటిలో నూటికి ఐదుకు మించి బయటికి రావు. అయినా కొన్ని దుడుకు కణాలు తప్పించుకు వస్తాయి. అందుకే ప్రకృతి రెండవ కాపలా కూడా పెట్టింది.

జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకాగుచి, పుట్టిన మూడు రోజులకే థైమస్ తీసివేసిన ఎలుక పిల్లలను గమనించాడు. రక్షణ శక్తి తగ్గవలసిన ఆ ఎలుకలలో రక్షక కణాలు తమ శరీరం మీదనే దాడి చేశాయి. ఆరోగ్యమైన ఎలుకల నుండి తెచ్చిన టి కణాలు ఎక్కిస్తే ఆ దాడి ఆగింది. అనగా టి కణాలలో ఇతర కణాలను శాంతపరచే జాతి ఒకటి ఉండాలి. 1995లో సకాగుచి వాటిని గుర్తించి చూపాడు. వాటినే నియంత్రక టి కణాలంటారు. 2001లో అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక వ్యాధిగ్రస్త ఎలుక జాతిలో ఫాక్స్‌పి3 అనే జన్యువు దెబ్బతిన్నదని కనుగొన్నారు. ఆ జన్యువే ఈ శాంతి కణాలకు మూలమని తరువాత తేలింది. అది లోపించిన మగశిశువులకు పసితనంలోనే ప్రేగులు, చర్మం, క్లోమం మీద స్వయందాడి ఆరంభమవుతుంది. ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ సహనం లేకపోతే మనం ఒక పూట అన్నమైనా జీర్ణించుకోలేము. తినే పప్పు, పాలు, గోధుమ అన్నీ శరీరానికి పరాయి వస్తువులే. ప్రేగులలోని రక్షక కణాలు వాటిని శత్రువులుగా ఎంచక ఊరుకోవడం నేర్చుకుంటాయి. తల్లి గర్భంలోని శిశువులో సగం గుర్తులు తండ్రివి. ఆ పరాయి గుర్తులను తొమ్మిది నెలలు భరించేది కూడా ఈ సహనమే.

బొగ్గు ధూళి చెప్పే పాఠం

బాయి పని చేసినవారు నల్లని కళ్లె ఉమ్మడం మా ప్రాంతంలో అందరికీ ఎరుకే. ఊపిరితిత్తుల గాలి గదులలో ఉండే భక్షక కణాలు ధూళిని మింగి, కొంత శ్వాసనాళాల మీదుగా గొంతులోకి చేరవేస్తాయి. కొంత లింఫు గ్రంథులకు మోసుకుపోతాయి. బొగ్గు పొరలకు పైనా కిందా ఉండే ఇసుకరాతిని తొలిచినప్పుడు లేచే స్ఫటిక ధూళి మరీ ప్రమాదకరం. దానిని మింగిన కణమే చచ్చిపోతుంది. చస్తూ మంట పుట్టించే పదార్థాలను వదులుతుంది. వచ్చిన మరొక కణమూ అదే ధూళిని మింగి అదే గతి పొందుతుంది. ఈ విధంగా ఊపిరితిత్తులలో ఎన్నటికీ ఆరని నెగడు రగులుతూ ఉంటుంది. అటువంటి ఊపిరితిత్తులలో క్షయ క్రిమికి సులభంగా చోటు దొరుకుతుంది.

1953లో వేల్స్ దేశపు బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు పరిశీలిస్తూ ఆంథొనీ కాప్లన్ అనే వైద్యుడు ఒక విశేషం గమనించాడు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న కార్మికుల ఊపిరితిత్తులలో ధూళి వల్ల ఏర్పడే మచ్చలు మామూలు తీరుగా గాక, పెద్దవిగా గుండ్రంగా ఉన్నాయి. దానికి కాప్లన్ వ్యాధి అనే పేరు నిలిచింది. కీళ్లకూ ఊపిరితిత్తులకూ సంబంధమేమిటని అప్పుడు ఆశ్చర్యపడ్డారు. స్ఫటిక ధూళి పీల్చేవారికీ, పొగ తాగేవారికీ ఈ కీళ్లవ్యాధి వచ్చే అవకాశం ఎక్కువని తరువాతి పరిశోధనలు తెలిపాయి. పొగ సోకిన ఊపిరితిత్తులలో కొన్ని స్వశరీర మాంసకృత్తుల రూపం మారుతుంది. రక్షక కణాలు వాటిని పరాయివిగా పొరబడతాయి. కొందరిలో కీళ్లు వాచడానికి ఏళ్ల ముందే ఆ పొరపాటు గుర్తులు రక్తంలో కనబడతాయి. సహనం ఒక చోట చెడి, దాడి మరొక చోట జరుగుతున్నది. కణాలు ప్రయాణించేవి కావడమే దీనికి కారణం.

మన శాస్త్రం ఏమన్నది

టి కణాలు మన ప్రాచీనులకు తెలుసునని నేను అనను. అలా అనడం వారికి గౌరవం కాదు. వారు రోగిని చూసి చెప్పిన మాటలు నిలిచి ఉన్నాయి, అవి చాలు. చరకుడు అన్ని శరీరాలకూ వ్యాధిక్షమత్వం సమానంగా ఉండదన్నాడు. పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు దానిని వ్యాధి బలాన్ని ఎదిరించడంగాను, వ్యాధి పుట్టకుండా అడ్డుకొనడంగాను వివరించాడు. ఆ పదంలో ఉన్న ధాతువు "క్షమ్". దానికి సామర్థ్యమనీ, ఓర్పనీ రెండర్థాలూ ఉన్నాయి. మనం మొదటి అర్థాన్ని పొట్లాల మీద అచ్చువేసి, రెండవదాన్ని మరచిపోయాము. అలవాటైన ఆహారం శరీరానికి హితమయ్యే గుణాన్ని మనవారు సాత్మ్యం అన్నారు. ప్రేగుల సహనం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మాటే స్ఫురిస్తుంది.

మాధవకరుని నిదాన గ్రంథంలో ఆమవాత ప్రకరణం ఉన్నది. మందాగ్ని వల్ల పుట్టిన ఆమాన్ని వాయువు మోసుకొనిపోయి కీళ్లలో చేర్చుతుందని అందులో చెప్పారు. చికిత్సను లంఘనం, దీపనంతో మొదలుపెట్టమని ఆ తరువాతి గ్రంథాలు చెబుతున్నాయి. ఆమం ఉండగా బృంహణం, అనగా పుష్టినిచ్చే చికిత్స, కూడదు. ఆ ఇల్లాలికి నేను ఇచ్చినది సరిగ్గా అదే. నా శాస్త్రమే నన్ను వారించింది. "బలం" అనే మాట మోజులో నేను వినలేదు.

ఆ మాత్ర వెనుక తెలుగువాడు

ఆమె భయపడిన మాత్ర పేరు మెథోట్రెక్సేట్. దాని కథలో ఆయుర్వేదానికీ చోటున్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు యౌవనంలో ప్రేగులకు సంబంధించిన స్ప్రూ వ్యాధితో మంచం పట్టి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. అటుపిమ్మట అమెరికా వెళ్లి లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం మీద, దానికి విరుద్ధంగా పనిచేసే ద్రవ్యాల మీద పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆ కృషి నుండే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన 1948లో మరణించారు. రుమటాయిడ్ కీళ్లవాతానికి ఈ మందును అమెరికాలో 1988లో ఆమోదించారు.

క్యాన్సర్‌కు దీనిని పెద్ద మోతాదులో ఇస్తారు. కీళ్లవాతానికి వారానికి ఒకమారు, కొద్ది మోతాదులోనే. ఆ కొద్ది మోతాదు రక్షక కణాలను తుడిచిపెట్టదు. కీళ్లలోకి దండెత్తి వచ్చే వాటి ఉద్ధృతిని తగ్గిస్తుంది. ఈ నాలుగు మాటలు ఆనాడు ఆమెకు చెప్పి ఉంటే చాలేది.

సహనం మితిమీరినా ముప్పే

సహనమే సర్వస్వమని అనుకోరాదు. క్యాన్సర్ కణాలు రక్షక కణాల కళ్లెం పట్టుకొని వాటిని నిద్రపుచ్చుతాయి. ఆ కళ్లెం విప్పే మార్గానికి ఆధారం చూపినందుకు 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో నోబెల్ బహుమతి పొందారు. అయితే ఆ మందులు వాడిన కొందరిలో విప్పిన కణాలు ప్రేగుల మీద, థైరాయిడ్ మీద దాడి చేస్తాయి. సమత్వమే ఆరోగ్యమని సుశ్రుతుడు చెప్పిన లక్షణం ఇక్కడ కూడా సరిపోతున్నది.

గృహస్థులకు మనవి

మొదటిది: ఉదయం లేచాక చేతులు అరగంటకు మించి బిగుసుకొని ఉండి, రెండు వైపులా చిన్న కీళ్లు వాచి, ఆరు వారాలైనా తగ్గకపోతే ఇంటి వైద్యంతో కాలం గడపవద్దు. నిపుణుని వద్దకు వెళ్లండి. కీలు వంకర తిరగకముందు మందు పడడమే ముఖ్యం.

రెండవది: మెథోట్రెక్సేట్ వాడేవారు దానిని వారానికి ఒక నిర్ణీత దినాన మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వైద్యుడు చెప్పిన ఫోలిక్ ఆమ్లం, రక్తపరీక్షలు మానరాదు. మద్యం కూడదు. గర్భం దాల్చదలచినవారు ముందుగానే వైద్యునికి తెలపాలి. భయం కలిగితే ఆయననే అడగండి, పక్కింటి మాట విని మానవద్దు.

మూడవది: తిప్పతీగ వంటి మూలికలు ఇంటి పెరటిలో ఉన్నంత మాత్రాన అందరికీ అన్నివేళలా హితం కావు. 2021లో ముంబయి వైద్యులు కరోనా కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదనీ, అది స్వయందాడి లక్షణాలతో కూడి ఉన్నదనీ ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. వివాదం ఎలా ఉన్నా, కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ వంటివి ఉన్నవారు నిరోధక శక్తి పెంచుతామనే మందులను వైద్యుని అడగకుండా వాడరాదని నా దృఢమైన అభిప్రాయం. ఆయుర్వేద మందులు వాడుతున్న సంగతి ఆసుపత్రి వైద్యునికీ, అక్కడి మందుల సంగతి మాకూ దాచకుండా చెప్పండి.

నాలుగవది: బీడీ, చుట్ట, సిగరెట్టు మానండి. గనిలో దుమ్ము లేచే చోట ముక్కుకు తొడుగు లేకుండా పని చేయవద్దు. నియమిత కాలంలో జరిగే వైద్య పరీక్షలను తప్పించుకోవద్దు.

ఇంట్లో చేయదగినవి కూడా ఉన్నాయి. కీళ్ల బిగుసు పట్టుకు ఇసుక వేయించి మూటగట్టి, చేతికి ఓర్చుకొనే వేడిలో కాపడం పెట్టవచ్చు. కీలు ఎర్రబడి మండుతున్నప్పుడు పెట్టరాదు. ఆకలి చూసి, సులభంగా అరిగే వేడి ఆహారం తినడం, నొప్పి తగ్గిన వేళ వేళ్లను నెమ్మదిగా ఆడించడం మేలు. ఇవి వైద్యానికి తోడు మాత్రమే. దానికి బదులు కావు.

ఇప్పుడు నిరోధక శక్తికి మందు ఇమ్మని ఎవరైనా అడిగితే, ముందు వారి రెండు చేతులూ చాపమంటాను. వేళ్ల కణుపులు నొక్కి చూసి, పొద్దున పిడికిలి ముడుచుకుంటున్నదా అని అడుగుతాను. మందు మాట ఆ తరువాతే. ఆ ఇల్లాలి ఇంటి నుండి ప్రతి సంక్రాంతికీ నాకు సకినాలు వస్తాయి. అవి కోడలు చుట్టినవి.